పడవకి ఎస్ఎఫ్‌టీ ఉండదు సార్

హైదరాబాద్‌లో ఉంటూ పడవలు డిజైన్ చేస్తానంటే జనం ముందు నవ్వుతారు, తర్వాత జాలిపడతారు. ఎటు వెళ్ళినా సముద్రం రోడ్డు మీద 300 కిలోమీటర్లకు పైనే. "మరి ఇక్కడెందుకండీ?" అంటారు. మాదాపూర్‌లో కూర్చుని అమెరికా బ్యాంకుల లెక్కలు చూసేవాళ్ళని మాత్రం ఎవరూ ఈ మాట అడగరు. నేను వెస్ట్ మారేడ్‌పల్లిలో మా మేడ మీద గదిలో కూర్చుని, ఇద్దరు ముగ్గురు నెలల తరబడి సముద్రం మీద కాపురం చెయ్యడానికి పనికొచ్చే తెరచాప పడవలకి గీతలు గీస్తాను. పందేల పడవలు నా పని కాదు. తీరిగ్గా దేశాలు తిరిగే పడవలు, క్రూజింగ్ బోట్లు. గీసేది ఇక్కడ, కట్టేది గోవాలోనో కొచ్చిలోనో చెన్నైలోనో. ఒక్కటి మాత్రం ఇక్కడే, జీడిమెట్లలో ఒక రేకుల షెడ్డులో తయారైంది. ఇప్పుడు చెప్పబోయేదంతా ఆ పడవ నాకు నేర్పిందే.

ముందు ఒక ప్రశ్న సంగతి చెప్పాలి. పడవ కట్టించుకుందామని వచ్చే ప్రతి మనిషీ మొదట అడిగేది: "ఎన్ని అడుగులు సార్?" రెండోది: "లోపల ప్లేసెంత వస్తుంది?" ఒకాయన ఏకంగా "కార్పెట్ ఏరియా ఎంత?" అన్నారు. ఆయన తప్పేం లేదు. ఈ ఊళ్ళో మనం దేన్నయినా చదరపు అడుగుల్లోనే కొంటాం. త్రీ బీహెచ్‌కే అంటే ఇంత, సర్వెంట్ రూమ్ ఉంటే ఇంత. పడవని కూడా అలాగే కొంటున్నారు. ముప్ఫై అడుగుల పడవలో రెండు బెడ్‌రూములు, రెండు బాత్‌రూములు, నిలబడి స్నానం చేసేందుకు షవరు, ఆరుగురు కూర్చునే డైనింగ్ టేబులు. అన్నీ పడతాయి. పట్టించొచ్చు. కాగితం మీద అన్నీ పట్టించే డిజైనర్లకి కరువు లేదు.

నా వాదన చిన్నది. పడవని అడుగుల్లో అడగకండి, టన్నుల్లో అడగండి. పడవకయ్యే ఖర్చు, వేగం, భద్రత, రేపు దాన్ని నడిపేటప్పుడు మీ నడుం పరిస్థితి, అన్నీ పొడవు కంటే ముందు బరువు చుట్టూ తిరుగుతాయి. ఆ బరువు ఎంత, ఎక్కడుంది అన్నది డ్రాయింగు చెప్పదు. షెడ్డులో తేలుతుంది.

బరువు మీద నాకీ పట్టుదల చిన్నప్పుడే మొదలైందనుకుంటాను. 1990 మార్చి 10న హుస్సేన్ సాగర్‌లో బుద్ధ విగ్రహాన్ని చెరువు మధ్యనున్న జిబ్రాల్టర్ రాక్ మీదికి తీసుకెళ్తుంటే నీళ్ళలో పడిపోయింది. మనుషులు పోయారు. దాదాపు 350 టన్నుల ఏకశిల. తర్వాతి ఆదివారం మా నాన్న నన్ను స్కూటరు మీద ట్యాంక్‌బండ్‌కి తీసుకెళ్ళాడు. చూడ్డానికి ఏమీ లేదు. చదునైన నీళ్ళు, గట్టు మీద జనం. అంత పెద్ద రాయి మింగేసి ఏమీ ఎరగనట్టున్న ఆ నీళ్ళని చూసి భయమేసింది. దాన్ని పైకి తీసి నిలబెట్టేసరికి 1992 డిసెంబరు వచ్చింది.

తర్వాత కొన్నాళ్ళకి అదే నీళ్ళ మీద సెయిలింగ్ నేర్చుకున్నాను, ఆప్టిమిస్ట్‌లో. అది పదిహేనేళ్ళ లోపు పిల్లల పడవ. 1947లో అమెరికాలోని ఫ్లోరిడాలో క్లార్క్ మిల్స్ అనే ఆయన గీశాడు. పొడవు 2.3 మీటర్లు, చూడ్డానికి స్నానాల తొట్టిలా ఉంటుంది. దాని హల్, అంటే పడవ ఒళ్ళు, 35 కిలోలకి తగ్గకూడదని రూలు. పోటీకి ముందు తూకం వేస్తారు, తక్కువైతే తేడాకి సరిపడా ముక్కలు బిగించాలి. ఇంట్లో నన్నెవరూ అంత శ్రద్ధగా తూచలేదు. పిల్లలాడుకునే తొట్టి పడవని కిలోతో సహా తూస్తారు. కోట్లు పోసి కట్టించుకుని మహాసముద్రం మీదికి తీసుకెళ్ళే పడవని మాత్రం చాలాసార్లు ఒక్కసారి కూడా తూచరు. ఈ వృత్తిలో ఇన్నేళ్ళున్నా ఇది నాకు మింగుడుపడదు.

ఇక జీడిమెట్ల పడవ.

కట్టించుకున్నది రిటైరైన డాక్టరు గారు. మంచి మనిషి, సముద్రం అంటే నిజంగా ఇష్టం. కాకినాడ నుంచి అండమాన్ వెళ్ళాలని కోరిక. గోవాకో కొచ్చికో మాటిమాటికీ తిరగలేను, కళ్ళ ముందు తయారవ్వాలి అన్నారు. ఫైబర్‌గ్లాస్ పని తెలిసినవాళ్ళు ఈ ఊళ్ళో చాలామందే. వాటర్ ట్యాంకులు, బస్సు బంపర్లు, పార్కుల్లో జారుడుబల్లలు, ఇవన్నీ ఆ షెడ్లలోంచే వస్తాయి. పడవ ఎవరూ చెయ్యలేదు, అంతే. నేను గీసిన లెక్క ఇది: మొత్తం పొడవు 30 అడుగులు, నీటిగీత దగ్గర 26, వెడల్పు 3 మీటర్లు, మొత్తం బరువు నాలుగు టన్నులు. అందులో పడవని నిటారుగా నిలిపేందుకు అడుగున సీసపు కీల్ 1,600 కిలోలు, మాస్టు (తెరచాప కొయ్య), తాళ్ళు, తెరచాపలు కలిపి 200, మిగతా ఒళ్ళు, డెక్కు, లోపలి సామానంతా 2,200.

"ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు" అన్న పెద్దాయన పడవ కట్టించి ఉండడు. కట్టించి ఉంటే మిగతా రెండూ చిన్నపనులనిపించేవి.

షెడ్డు మేస్త్రి పనిమంతుడు. అతని చేతిలో రోలరు ఎంత నేర్పుగా తిరుగుతుందో చూసి తీరాలి. అతనితో నాకు రోజూ ఒకటే గొడవ. "ఇంకో మ్యాట్ ఎయ్యనియ్యి సార్, మందముంటే గట్టిగుంటది గద. సముద్రంల పోయేది." నేను వద్దంటాను. నేను ఇంటికెళ్ళాక వేసేస్తాడు. ప్రేమతోనే. చదరపు మీటరుకి 450 గ్రాములుండే గాజు మ్యాట్ ఒక పొర వేస్తే, దాన్ని తడిపి గట్టిపరిచే జిగురు, రెజిన్‌తో కలిపి కిలోన్నర అవుతుంది. ఆ పడవ ఒళ్ళు దాదాపు ముప్ఫై చదరపు మీటర్లు. పొరకి 45 కిలోలు. ప్రేమతో రెండు పొరలు వేశాడు.

పైగా ఎండాకాలం. ఏప్రిల్‌లో రేకుల కింద నలభై డిగ్రీలు దాటితే పాలియెస్టర్ రెజిన్ డబ్బాలో ఉండగానే బిగుసుకోవడం మొదలెడుతుంది. బిగిసేలోపు మ్యాట్ తడవాలన్న కంగారుతో కుర్రాళ్ళు రెజిన్ ధారాళంగా పోస్తారు. మ్యాట్‌కి కావలసినంత కంటే ఎక్కువున్న రెజిన్ బలం ఇవ్వదు, పెళుసుదనం ఇస్తుంది, బరువు పెంచుతుంది. ఇది గ్రహించి పని తెల్లవారుజామున అయిదింటికి మార్చాను, కానీ అప్పటికే సగం ఒళ్ళు అయిపోయింది. అక్కడ తప్పు పూర్తిగా నాది. రెజిన్ డ్రమ్ములు ఎన్ని ఖాళీ అవుతున్నాయో లెక్కపెట్టి ఉంటే రెండో రోజే తెలిసేది.

తర్వాత వడ్రంగులొచ్చారు. వాళ్ళు ఫ్లాట్లలో వార్డ్‌రోబులు, మాడ్యులర్ కిచెన్లు చేసేవాళ్ళు. నా డ్రాయింగులో 6 మిల్లీమీటర్ల ప్లైవుడ్ చూసి వాళ్ళకి అవమానంగా అనిపించింది. వాళ్ళ చేతికి తెలిసిన మందం 19. చదరపు మీటరుకి దాదాపు ఎనిమిది కిలోల తేడా. పాతిక చదరపు మీటర్ల పని జరిగింది. మీరే గుణించుకోండి.

డాక్టరు గారికి వంట సరదా. స్టీలు ప్లాట్‌ఫాం గిన్నె పెట్టినప్పుడల్లా మోగుతుంది, గ్రానైట్ వేద్దామన్నారు. రెండు సెంటీమీటర్ల గ్రానైట్ పలక చదరపు మీటరుకి 54 కిలోలు. నేను చెప్పాను. ఆయన విన్నారు. ఆ వారం నేను ఊళ్ళో లేను. తిరిగొచ్చేసరికి నల్లగా మెరుస్తూ గ్రానైట్ కూర్చునుంది, 80 కిలోలు, నీటిగీతకి మూడడుగుల పైన. తర్వాత ఏసీ. ఏసీ కోసం జనరేటరు. అవి రెండూ 170. "ఇంత పడవకి అదో లెక్కా?" అన్న మాట ఆ ఆర్నెల్లలో ఎన్నిసార్లు విన్నానో.

కీల్ లేకుండా, మాస్టు లేకుండా పడవని ట్రైలరు మీదకెక్కించి కాకినాడ బయల్దేరిన రోజు, అవుటర్ రింగ్ రోడ్డు ఎక్కేముందు లారీలు తూచే ఒక ధరమ్ కాంటా దగ్గర ఆపించాను. డ్రైవరు విసుక్కున్నాడు. ఇసుక లారీకీ కంకర లారీకీ మధ్య మా పడవ నిలబడింది. ఓడలు బళ్ళవుతాయి అంటే ఏంటో ఆ రోజు కళ్ళారా చూశాను. ట్రైలరు బరువు తీసేశాక చీటీలో 2,980. ఉండాల్సింది 2,200. ఏడువందల ఎనభై కిలోల దొంగబరువు! మ్యాట్లు, ప్లైవుడ్, గ్రానైట్, ఏసీ, జనరేటరు, రెజిన్, అన్నీ కూడినా నాకు 655 దాకానే లెక్క తేలింది. మిగతా నూట పాతిక ఎక్కడ దాక్కుందో ఇప్పటికీ తెలీదు. బహుశా బాత్‌రూం టైల్సు కింద.

ఆ సైజు పడవ నీళ్ళలో ఒక సెంటీమీటరు దిగాలంటే దాదాపు 130 కిలోలు ఎక్కించాలి. కాకినాడలో దించాక నా గీతకి ఆరు సెంటీమీటర్లు కిందికి కూర్చుంది. (అదే హుస్సేన్ సాగర్‌లో దించితే దాదాపు ఇంకో సెంటీమీటరు మునిగేది. మంచినీళ్ళు ఉప్పునీళ్ళ కంటే రెండున్నర శాతం తేలిక. ఆ నీళ్ళని మంచినీళ్ళన్నానని నవ్వకండి, ఉప్పు లేదన్న అర్థంలోనే.) ఆరు సెంటీమీటర్లేగా అనిపిస్తుంది. కాక్‌పిట్‌లో, అంటే చుక్కాని పట్టుకుని కూర్చునే గుంటలో, పడ్డ నీళ్ళు బయటికి పోవడానికి పెట్టిన కన్నాలు ఇప్పుడు నీటికి దగ్గరయ్యాయి. పడవ ఒరిగితే నీళ్ళు వాటిలోంచే లోపలికొస్తాయి. మొత్తం బరువులో 40 శాతం ఉండాల్సిన సీసం 33కి పడిపోయింది. అదనపు బరువులో ఎక్కువ భాగం నీటిగీతకి పైనే ఉంది కాబట్టి పడవ గాలికి తొందరగా ఒరుగుతుంది, లేవడానికి బద్ధకిస్తుంది.

రంగు వేసే పెద్దాయన ఆ గీతని చూశాడు, నన్ను చూశాడు. "గీత ఓ నాలుగు వేళ్ళు పైకి గీసేద్దామండి బాబూ, ఎవరికీ తెలీదు," అన్నాడు. గోదావరి జిల్లాల మర్యాద. ప్రపంచంలో ఎన్ని పడవల మీద గీతలు ఇలా పైకి జరిగాయో!

ఇక్కడొక తమాషా ఉంది. 1979లో ఇంగ్లండ్, ఐర్లండ్ మధ్య జరిగిన ఫాస్ట్‌నెట్ పందెంలో తుపాను వచ్చి పదిహేనుమంది నావికులు చనిపోయారు. బయల్దేరినవి 303 పడవలు, పూర్తిచేసినవి 86. ఆ తర్వాత పడవ బోల్తాపడే ప్రమాదాన్ని అంచనా వెయ్యడానికి ఒక తేలిక ఫార్ములా వాడుకలోకి వచ్చింది. పడవ బరువుకి సమానమైన సముద్రపు నీళ్ళు ఎన్ని ఘనపుటడుగులో లెక్కగట్టి, దాని ఘనమూలంతో పడవ వెడల్పుని భాగించాలి. రెండు లోపు వస్తే మంచిది. ఎంత తగ్గితే అంత మంచిది. నా డ్రాయింగుకి 1.9 వచ్చింది. గ్రానైట్, జనరేటరు ఎక్కాక 1.8. అంటే ఆ ఫార్ములా ప్రకారం దొంగబరువు నా పడవని మెరుగుపరిచింది! ఎందుకంటే దానికి బరువెంతో తెలుసు, ఎక్కడుందో తెలీదు. జనరేటరుని తీసుకెళ్ళి మాస్టు కొనకి కట్టినా మార్కులు పెరుగుతాయి. ఈ అంకెని ఇప్పటికీ బ్రోచర్లలో గొప్పగా వేసుకుంటారు, చూడండి.

బరువు పెరగకూడదంటే పాతకాలం సెయిలర్లకి కోపమొస్తుంది. బరువైన పడవే సముద్రానికి నిలబడుతుందని వాళ్ళ నమ్మకం. వాళ్ళ దగ్గర సాక్ష్యం కూడా ఉంది, అదీ మన దేశంలో తయారైంది. సుహైలి. బొంబాయిలో టేకుతో కట్టిన 32 అడుగుల పడవ, పొడవుకి చాలా బరువైనది. దాని గీతల వంశం చూస్తే నార్వేలో కాలిన్ ఆర్చర్ గీసిన రక్షణ పడవల దాకా పోతుంది. ఇంగ్లిష్ నావికుడు రాబిన్ నాక్స్-జాన్‌స్టన్ 1968లో ఒక పందెంలో దానిమీద ఒంటరిగా బయల్దేరి, ఎక్కడా ఆగకుండా భూమి చుట్టి 1969 ఏప్రిల్‌లో తిరిగొచ్చాడు, 312 రోజులకి. ఆ పందెంలో తొమ్మిదిమంది బయల్దేరితే పూర్తిచేసింది ఆయనొక్కడే. యాభయ్యేళ్ళ తర్వాత 2018లో అలాంటి పందెంలోనే, సుహైలి నమూనాతో గోవాలో కట్టిన తురియా మీద మన నౌకాదళం అధికారి అభిలాష్ టామీ వెళ్ళారు. తుపానులో మాస్టు విరిగి, వెన్ను దెబ్బతిని, ఆయన్ని వేరే నౌక రక్షించాల్సి వచ్చింది. అవే గీతలు, వేరే అల. కాబట్టి ఒక్క కథ పట్టుకుని ఎటూ తీర్పు చెప్పలేం.

నేను బరువుకి శత్రువుని కాను. బరువైన పడవ అలల మీద నెమ్మదిగా ఊగుతుంది, కడుపులో తిప్పదు. కానీ సుహైలి బరువు కాగితం మీద గీసిన బరువు. ఆ బరువుకి తగ్గట్టే ఒళ్ళు, తెరచాప, కీల్ అన్నీ కూర్చారు. నా పడవ మీద ఎక్కింది ఎవరూ గీయని బరువు. మనిషి పుట్టుకతో బొద్దుగా ఉండటం వేరు, ఒంటికి నీరు పట్టడం వేరు.

పొడవు సంగతి. ఇది వింటే కొంతమంది క్లయింట్లు నన్ను అనుమానంగా చూస్తారు. నాలుగు టన్నుల పడవకి సరిపడా సామానూ బడ్జెట్టూ ఉన్నాయనుకోండి. ఆ బరువుని 30 అడుగుల్లో కుక్కేకంటే 35 అడుగుల్లో పల్చగా సర్దితే పడవ బాగుంటుంది. ఖర్చు కొంచెమే పెరుగుతుంది, ఎందుకంటే డబ్బు తినేది ఇంజన్, మాస్టు, తెరచాపలు, వించ్‌లు, లంగరు, లోపలి వడ్రంగం. ఇవన్నీ బరువుని బట్టి పెద్దవవుతాయి. ఖాళీ ఒళ్ళు చవక. వేగం మాత్రం పొడవుని బట్టి వస్తుంది. నీటిగీత పొడవుని అడుగుల్లో తీసుకుని, వర్గమూలాన్ని 1.34తో హెచ్చిస్తే, మామూలు బరువున్న పడవ హాయిగా అందుకోగల గరిష్ఠ వేగం నాట్లలో, అంటే గంటకి ఇన్ని సముద్రపు మైళ్ళని, వస్తుంది. 25 అడుగులకి 6.7, 36 అడుగులకి 8. పెద్ద స్థలం కొని చిన్న ఇల్లు కట్టుకున్నట్టు. చుట్టూ జాగా మిగులుతుంది, గాలి వస్తుంది. కానీ మనవాళ్ళకి సెట్‌బ్యాక్ వదలడమంటే ప్రాణం పోతుందిగా! పొడుగు పడవ ఇస్తే, మళ్ళీ ఆ ఖాళీలో ఇంకో బెడ్‌రూమ్ వెయ్యమంటారు. పడవలు కట్టేసుకునే మెరీనాల్లో అద్దె అడుగుల్లెక్కన కట్టాలి కదా అని ఒక అభ్యంతరం ఉంది. యూరప్‌లో అది పెద్ద ఖర్చే. మన తీరంలో మెరీనాలే వేళ్ళమీద లెక్కపెట్టేన్ని కాబట్టి మనం ఇంకా దాని గురించి బెంగపడక్కర్లేదు.

ఇప్పుడు నా పొట్ట నేనే కొట్టుకునే మాట. చాలామందికి కొత్త డిజైన్ అక్కర్లేదు. మన నౌకాదళం భూమి చుట్టి వచ్చే పడవ కావాలనుకున్నప్పుడు డచ్చి సంస్థ వాన్ డి స్టాట్ డిజైన్ తీసుకుని గోవాలోని అక్వేరియస్ షిప్‌యార్డులో మాదేయిని కట్టించింది. 2009లో అది నౌకాదళంలో చేరింది. దానిమీద దిలీప్ దోండే ఆగుతూ, అభిలాష్ టామీ ఆగకుండా, ఒంటరిగా భూమి చుట్టారు. అదే డిజైన్‌తో అదే చోట తారిణి. 2017-18లో ఆరుగురు మహిళా అధికారులు 254 రోజుల్లో ఆ పడవ మీద ప్రపంచం తిరిగొచ్చారు. వాళ్ళలో విశాఖపట్నం స్వాతి, మన హైదరాబాద్ ఐశ్వర్య బొడ్డపాటి ఉన్నారు. అప్పుడు ఈ ఊరి పేపర్లలో సముద్రం గురించి కాస్త రాశారు, నాకు ఓ నాలుగు ఫోన్లొచ్చాయి. ఆ ప్రయాణం చివర్లో స్టీరింగ్ మొరాయించి, అనుకోకుండా మారిషస్‌లో ఆగాల్సి వచ్చింది. నేను ఆ వార్తని రెండుసార్లు చదివాను. అంత బాగా కట్టిన పడవలోనూ మొరాయించేది ఇలాంటిదే. అందుకే నా డ్రాయింగుల్లో చుక్కాని గొలుసూ తీగలూ ఉన్న చోటికి మనిషి దూరి, రెండు చేతులూ ఆడించేంత ఖాళీ వదులుతాను. ఆ ఖాళీ చూసి "ఇక్కడ స్టోర్‌రూమ్ వస్తుంది కదా సార్" అనని క్లయింటు లేడు.

మరి డిజైనరు దేనికంటే, షెడ్డులో నిలబడటానికి. చాలామంది డిజైనుకి డబ్బిస్తారు, పర్యవేక్షణకి ఇవ్వరు. నాలుగు షీట్లు ఇచ్చాక మన పని అయిపోయిందనుకుంటారు. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, ఏరు దాటాక బోడి మల్లయ్య. ఇప్పుడు నేను ఒప్పందంలోనే రాయిస్తున్నాను: ఏ వస్తువైనా పడవలోకి వెళ్ళేముందు కాటా ఎక్కాలి, చివరి వాయిదా డబ్బు ధరమ్ కాంటా చీటీ చూశాకే. యజమానికి కూడా ఒక గడి ఉంది. ఆయన కొత్తగా ఏం అడిగినా, దానికి బదులు ఏం దించుతారో పక్కన రాసి సంతకం పెట్టాలి. ఈ గడి చూసి ఇద్దరు వెనక్కెళ్ళిపోయారు.

డాక్టరు గారు గ్రానైట్ తీయించారు, రెండో ఏడు. అండమాన్ వెళ్ళడానికి ముందు ఒకసారి విశాఖ దాకా వెళ్ళొచ్చి, కాక్‌పిట్‌లో పాదాలు తడుస్తున్నాయని ఫోన్ చేశారు. నేనేమీ అనలేదు. ఆ పలక ఇప్పుడు వాళ్ళ సైనిక్‌పురి ఇంట్లో తులసి కోట ముందు మెట్టుగా ఉంది. జనరేటరు కూడా దించారు. ఏసీకి మాత్రం మనసు రాలేదు.

జీడిమెట్ల మేస్త్రి ఇప్పుడు నాకు రెండో పడవ చేస్తున్నాడు. షెడ్డు గుమ్మం దగ్గర ధాన్యం కొట్లలో వాడేలాంటి ప్లాట్‌ఫాం కాటా పెట్టాను. మొదట్లో దానిమీద టీ గ్లాసులు పెట్టుకునేవాళ్ళు. నిన్న పొద్దున్న ఆరింటికి ఫోన్.

"సార్, బాత్రూం తలుపు తొమ్మిది కిలోలొచ్చింది. కాయితంల ఆరున్నర ఉంది. లోపటికి తీస్కపోవాల్నా, ఎనక్కి పంపాల్నా?"